ఫియట్ కార్బురేటర్ బాగు చేయించాలా, పీకేసి మారుతిది వేయించాలా?

కాజీపేట ఫియట్:

అన్నలూ, జర సలహా కావాలి. మా నాన్నది 1984 ప్రీమియర్ పద్మిని. ఇంట్లో మాత్రం ఎవరూ పద్మిని అనరు, ఫియట్ అనే అంటాం. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు నడపడం లేదు. నేనే ఆదివారం పూట తీసి భద్రకాళి గుడి దాకానో మడికొండ దాకానో తిప్పి తెస్తుంటాను. రెండేళ్లు షెడ్డులో పడి ఉండి మొన్న సంక్రాంతికి మళ్లీ రోడ్డెక్కింది, అప్పటి నుంచి ఒకటే లొల్లి.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు చోక్ (చల్లని ఇంజిన్‌కు పెట్రోల్ ఎక్కువ ఇచ్చే నాబ్) లాగి సెల్ఫ్ కొడితే రెండో దెబ్బకే అందుకుంటుంది, అందులో తేడా లేదు. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరగడం, నిలవదు. ఊపిరి పీల్చి వదిలినట్టు పైకి లేస్తుంది, దిగుతుంది, సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఆగిపోతుంది. దీనికన్నా పరేషాన్ ఇంకోటి ఉంది. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు నడిచాక ఉన్నట్టుండి రెండు మూడు సార్లు దగ్గి చచ్చిపోతుంది. పోయిన ఆదివారం ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతుంటే సగంలో ఆగింది. వెనక ఆర్టీసీ బస్సు, దాని వెనక ఆటోలు, ఇక హారన్లు చూడాలి. పావుగంట తర్వాత ఏమీ జరగనట్టు స్టార్టయింది. బానెట్ తీస్తే పెట్రోల్ వాసన గుప్పున కొడుతోంది. మైలేజీ లీటరుకు 8 కూడా రావట్లేదు, ఒకప్పుడు 13 వచ్చేదని నాన్న అంటారు.

ఫిబ్రవరిలో ఒకచోట కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపేది) సర్వీస్ చేయించాను. విప్పి పెట్రోల్‌లో కడిగి మళ్లీ బిగించి 1200 తీసుకున్నారు. వారం రోజులు ఐడ్లింగ్ బాగుంది, తర్వాత అదే కథ, పైగా మైలేజీ అప్పటి నుంచే ఇంకా పడింది. ఇప్పుడు హన్మకొండలో ఇంకొకాయనకు చూపిస్తే రెండు నిమిషాలు చూసి "ఇది సోలెక్స్ రకం కార్బురేటర్ సార్, సామాను దొరకదు, పీకేసి మారుతి 800ది పెడదాం, కింద ప్లేటు చేయిద్దాం, ఎనిమిది వేలు" అన్నాడు. నాన్నేమో ఒరిజినల్ ముట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

నాలుగో గేరు:

మారుతిది వేసెయ్ బ్రో. మా మామ ఫియట్‌కు వేసి ఆరేళ్లయింది. పికప్ కొంచెం తగ్గింది కానీ ఏ ఊళ్లో ఆగినా రిపేరుకు మనిషి దొరుకుతాడు. ఒరిజినల్ ఒరిజినల్ అని పట్టుకుంటే షెడ్డులోనే ఒరిజినల్‌గా ఉంటుంది.

ఆటోనగర్ పాతకాపు:

తమ్మీ, నువ్వు ఒక్క రోగం అనుకుంటున్నవి నా లెక్కలో మూడు. మూడూ కలిసి ఒకేసారి కనిపిస్తున్నాయి, అందుకే ఎవరు చూసినా కార్బురేటర్ మీదికే పోతున్నారు. నలభై ఏళ్లుగా చూస్తున్నా, పాత బండి ఆగితే ముందు దెబ్బ కార్బురేటర్ మీదే పడుతుంది, ఎందుకంటే కళ్లెదురుగా ఉంటుంది, విప్పడానికి వీలుగా ఉంటుంది. సగం సార్లు తప్పు ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో ఉంటుంది.

ముందు ఆ బ్రిడ్జి సంగతి. వేడెక్కాక ఆగి, పావుగంటకు మళ్లీ స్టార్టయ్యే బండికి అనుమానం మూడు చోట్ల. ఒకటి, ఎండకు పంపులోనో పైపులోనో పెట్రోల్ ఆవిరైపోయి పైకి ఎక్కకపోవడం. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు పడతాయి కాబట్టి ఇది ఉత్త మాట కాదు, వెనకటి డ్రైవర్లు పంపు మీద తడి గుడ్డ వేసేది అందుకే. రెండు, ట్యాంకు మూతలో గాలి పోయే సన్న రంధ్రం మూసుకుపోవడం. పెట్రోల్ తగ్గేకొద్దీ లోపల గాలి చొరబడక పంపు లాగలేకపోతుంది. మూడు, కండెన్సర్, అంటే డిస్ట్రిబ్యూటర్‌కు ఉండే చిన్న కరెంటు డబ్బీ. ఇది చల్లగా ఉన్నప్పుడు మంచిగానే పనిచేసి వేడెక్కాక చేతులెత్తేస్తుంది, చల్లారితే మళ్లీ మామూలే. ప్లగ్గులకు పెద్ద కరెంటు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ కూడా ఇదే వేషాలు వేస్తుంది.

ఏదో తెలుసుకోవడానికి గ్యారేజీ అక్కర్లేదు. ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే చూడాలి, చల్లారితే ఏమీ తెలియదు. మొదట ట్యాంకు మూత తీసి చెవి పెట్టు, బుస్సుమని గాలి లోపలికి లాగితే దొంగ దొరికినట్టే. లేదంటే ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఇంజిన్ ఆపి ఉండగానే, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లింకును చేత్తో ఒకసారి గట్టిగా తిప్పు. పక్కనున్న సన్న గొట్టంలోంచి పెట్రోల్ పిచికారీలా కొడితే కార్బురేటర్ చాంబర్‌లో (పెట్రోల్ నిలిచే గిన్నెలో) పెట్రోల్ ఉన్నట్టే, ఆవిరి గొడవ కాదు. ఆ తర్వాత ఫిల్టర్ మూత మళ్లీ పెట్టేసి, పెట్రోల్ వాసన పోయేదాకా ఆగి, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే మధ్య వైరు ఊడదీసి ప్లాస్టిక్ పిడి ఉన్న పటకారుతో పట్టుకుని ఇంజిన్ బాడీకి అర సెంటీమీటరు దూరంలో పెట్టు, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమను. నీలంగా టక్కుటక్కుమని దూకితే కరెంటు సరే. పసుపుగా, సన్నగా, వచ్చీరానట్టు ఉంటే కార్బురేటర్‌ను వదిలేయ్. కార్బురేటర్ నుంచి ఎంత దూరంగా చేస్తే అంత మంచిది, పొడి ఇసుక బకెట్ పక్కన పెట్టుకో.

మైలేజీ సంగతి నువ్వే చెప్పావు, సర్వీస్ తర్వాతే ఇంకా పడిందని. నీ సోలెక్స్‌కు గొంతు మూసే రేకు చోక్ ఉండదు, పక్కన ఒక బిళ్ల తిరిగి విడిగా పెట్రోల్ వదులుతుంది. కార్బురేటర్ తిరిగి బిగించినప్పుడు చోక్ వైరు బిగుతుగా కట్టేసి ఉంటారు. లోపల నాబ్ పూర్తిగా నొక్కినా ఇక్కడ లివర్ కాస్త తెరిచే ఉంటే ఎప్పుడూ చోక్ మీద నడుస్తున్నట్టే లెక్క. బానెట్ తీసి వేలితో లివర్‌ను మూసే వైపు నొక్కి చూడు, ఇంకా కదిలితే విషయం అదే.

ఇక మారుతి కార్బురేటర్ మాట. అది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్ కోసం జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) లెక్కగట్టి చేసింది. నీది 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. పెడితే నడుస్తుంది, నడవదని నేననను. కానీ జెట్లు మార్చకపోతే పెట్రోల్ చాలదు, మిశ్రమం పలచనై ఇంజిన్ వేడెక్కుతుంది. జెట్లు మారుద్దామంటే మన దగ్గర పిన్నీసుతో పొడిచి పెద్దది చేసేవాళ్లే ఎక్కువ. జెట్ మీద ఉండే నంబరు మిల్లీమీటరులో నూరో వంతు లెక్క, 120 అంటే 1.20 మిల్లీమీటర్లు. అది మెత్తటి ఇత్తడి, పిన్నీసు దూరిస్తే ఎంతయిందో ఆ దేవుడికే తెలియాలి. నీ రోగం కండెన్సర్‌దే అయితే, ఎనిమిది వేలు పెట్టి కొత్తది వేయించినా బండి అదే బ్రిడ్జి మీద ఆగుతుంది.

నాలుగో గేరు:

పాతకాపు అన్నా, నేను చెప్పింది నడిచే బండి గురించే. మీరు చెప్పేవన్నీ చేసే మెకానిక్ ఎక్కడున్నాడో చెప్పండి ముందు.

ఆటోనగర్ పాతకాపు:

నీ మాటలో నిజం లేకపోలేదు తమ్మీ. అందుకే మెకానిక్‌ను కాదు, బండి ఓనర్‌నే చూడమంటున్నా.

కరీంనగర్ కర్రబండి:

అందరూ అసలు సంగతి మరిచిపోతున్నారు. పెట్రోలే మారిపోయింది. 2023 ఫిబ్రవరిలో ఈ20 మొదలైంది, అంటే నూటికి 20 పాళ్లు ఇథనాల్. ఇథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లు షెడ్డులో ఉన్న బండి ట్యాంకులో నీళ్లు, తుప్పు చేరకుండా ఎలా ఉంటాయి? పాత రబ్బరు పైపులు, పంపులో డయాఫ్రమ్, అన్నీ ఉబ్బి మెత్తబడతాయి, లేదా ఎండి పగులుతాయి. నా అంబాసిడర్‌లో పైపు లోపలి పొర విడిపోయి నల్లటి పొట్టు పొట్టుగా ఫిల్టర్‌లోకి వచ్చింది. దాన్ని వేళ్ల మధ్య నలిపితే కాటుకలా అంటుకుంది. ముందు పైపులన్నీ మార్చండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఆటోనగర్ పాతకాపు:

పైపులు మార్చాల్సిందే, అందులో రెండో మాట లేదు, ఇథనాల్‌కు తట్టుకునే రకం అని అడిగి మరీ కొనాలి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో మిశ్రమం కొంచెం పలచన అవుతుంది, అదీ ఒప్పుకుంటా. కానీ ఈ అబ్బాయి బండిలో పెట్రోల్ ఎక్కువై వాసన కొడుతోంది, మైలేజీ పడిపోయింది. పలచనైతే ఉల్టా ఉండాలి కదా. ఈ మధ్య బండికి పంక్చర్ అయినా ఇథనాల్ అంటున్నారు.

గోదావరిఖని ఫిట్టర్:

బాబూ, నేను సింగరేణి వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను, నాకూ ఒక ఫియట్ ఉండేది. ఐడ్లింగ్ లేవడం, దిగడం గురించి చెప్తాను, మిగతాది పాతకాపు గారు చెప్పారు.

అది గాలి దొంగతనం. కార్బురేటర్ గొంతులోంచి కాకుండా ఇంకెక్కడి నుంచో గాలి లోపలికి పోతోంది. పాత సోలెక్స్‌లో రెండు చోట్ల చూడాలి. కార్బురేటర్‌ను కిందికి బిగించే రెండు నట్లు ఉంటాయి కదా, లీకు అనిపించినప్పుడల్లా మెకానిక్‌లు వాటినే ఇంకో చుట్టు బిగిస్తారు. బిగించి బిగించి చెవులు రెండూ కిందికి వంగి మధ్యలో పైకి లేస్తుంది. విప్పి, ప్యాకింగ్ గీకేసి, అడుగు భాగాన్ని కిటికీ అద్దం ముక్క మీద పెట్టి లైటుకు ఎదురుగా చూడండి, సందులోంచి వెలుతురు కనిపిస్తే వంగినట్టే. దీనికి లేత్ అవసరం లేదు. ఆ అద్దం మీదే సన్న ఎమరీ పేపర్ పరిచి, రెండు చుక్కలు కిరోసిన్ వేసి, ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతూ రుద్దండి. మొదట రెండు చివర్లే మెరుస్తాయి, మధ్యలో నల్లగా ఉంటుంది. మొత్తం ఒకే రంగులోకి వచ్చేదాకా ఓపిక పట్టాలి, నాకైతే మధ్యాహ్నం అంతా పట్టింది. పూర్తయ్యాక బాగా కడగాలి, ఎమరీ పొడి ఒక్క రవ్వ లోపలికి పోయినా కష్టం.

రెండోది థ్రాటిల్ షాఫ్ట్, యాక్సిలరేటర్ తొక్కితే కార్బురేటర్‌లో తిరిగే కడ్డీ. యాక్సిలరేటర్ లివర్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, ఇంజిన్ ఆపి ఉండగా. తిరగడం కాదు, ఊగడం. చిటికెడు ఊగినా అక్కడ గాలి పోతున్నట్టే. ఇంజిన్ నడుస్తుండగా కార్బురేటర్ క్లీనర్ స్ప్రే షాఫ్ట్ చివర కొద్దిగా కొడితే ఇంజిన్ శబ్దం మారుతుంది, దాంతో ఖాయం చేసుకోవచ్చు. వేడి ఇంజిన్ మీద మాత్రం కొట్టొద్దు, స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లోనే చూసుకోండి. షాఫ్ట్ అరిగితే రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి ఇత్తడి బుష్ వేయాలి, లేత్ మీద చేయి తిరిగిన మనిషికి గంట పని. ఒక్క జాగ్రత్త చెప్తా, అది మరిచిపోతే ఇంజినే పోతుంది. షాఫ్ట్ మధ్యలో గుండ్రటి రేకును పట్టుకున్న రెండు సన్న స్క్రూలు ఉంటాయి, ఊడిరాకుండా వాటి చివర్లు కంపెనీలోనే నలగ్గొట్టి ఉంటాయి. ఆ నలిగింది ఆకురాయితో తీయకుండా తిప్పితే షాఫ్ట్‌లో మరలు పోతాయి. తిరిగి బిగించేటప్పుడు ముందు వదులుగా పెట్టి, రేకును మూసి, దానంతట అది మధ్యకు సర్దుకున్నాక బిగించి, చివర్లు మళ్లీ నలగ్గొట్టాలి. లేదంటే ఏదో ఒకరోజు ఆ స్క్రూ ఊడి తిన్నగా సిలిండర్‌లోకే పోతుంది.

సర్వీస్ చేశాక వారం బాగుందన్నారు కదా, కొత్త ప్యాకింగ్ ఆ సందును కొన్నాళ్లు నింపి ఉంటుంది, అంతే.

కాజీపేట ఫియట్:

అందరికీ దండాలు. పాతకాపు అన్న చెప్పినట్టు ఈ ఆదివారం కావాలనే ఎండలో తీశాను, నాన్న పక్కన కూర్చున్నారు. బ్రిడ్జి దాటి హన్మకొండ వైపు పోయి ములుగు రోడ్డు మీద సరిగ్గా ఇరవై మూడో నిమిషానికి ఆగింది. బండి ఆగినందుకు ఇంత సంతోషపడ్డది ఇదే మొదటిసారి.

ట్యాంకు మూత తీశా, శబ్దం ఏం లేదు. గొంతులో చూశా, పిచికారీ బ్రహ్మాండంగా కొట్టింది. మధ్య వైరు తీసి పట్టుకుంటే నాన్న సెల్ఫ్ కొట్టారు, బీడీ నిప్పు రంగులో ఒక సన్న గీత, అదీ రెండు సార్లకు ఒకసారి. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పితే పాయింట్లలో (కాయిల్ కరెంటును కలిపి తెంచే రెండు బిళ్లల్లో) ఒకదానికి గుంత, రెండోదానికి బొడిపె. ఫోటో తీసి హన్మకొండ మెకానిక్‌కు పంపిస్తే "కండెన్సర్ పోయినట్టుంది సార్" అని ఆయనే అన్నాడు, మరి ఎనిమిది వేల మాట ఎందుకు చెప్పావని అడగలేదు.

చోక్ లివర్ వేలితో నొక్కితే దాదాపు అర సెంటీమీటరు కదిలింది. వైరు స్క్రూ వదులు చేసి మళ్లీ బిగించా. రెండు నిమిషాల పని, దీనికి రెండు నెలలుగా పెట్రోల్ తగలబెట్టుకున్నా.

కండెన్సర్, పాయింట్లు హైదరాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయా, లేక ఎక్కడైనా వరంగల్‌లోనే ఉంటాయా?

కరీంనగర్ కర్రబండి:

వరంగల్‌లో పాత సామాను దుకాణాల్లో ముందు అడగండి, దొరక్కపోతే రాణిగంజ్, పుత్లీబౌలి. కార్బురేటర్ కిట్ కూడా అక్కడే చూడండి. హైదరాబాద్‌లో లేకపోతే బెంగళూరు జేసీ రోడ్, చెన్నై పుదుపేట. పేరున్న డబ్బాలో కండెన్సర్ వచ్చినా ఒకటికి రెండు కొనండి, కొత్తది అని వేసింది రెండో రోజే పోవడం నేను చూశాను. పాతది పనిచేస్తుంటే డిక్కీలో ఉంచుకోవడం మా ఇంట్లో అలవాటు.

కాజీపేట ఫియట్:

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను, ఏమైందో చెప్పకుండా మాయమైతే బాగుండదని.

కండెన్సర్, పాయింట్లు మార్చాక ఇప్పటిదాకా రోడ్డు మీద ఒక్కసారి కూడా ఆగలేదు. మొన్న జనగామ దాకా పోయి వచ్చాం, మధ్యాహ్నం ఎండలోనే. పెట్రోల్ పైపులు మొత్తం మార్చేశా, పాతవి కత్తిరించి చూస్తే ఒకదాంట్లో నిజంగానే లోపలి పొర విడిపోయి ఉంది, కర్రబండి అన్నకు ఆ ఒక్క మార్కు ఇచ్చేయాలి. కార్బురేటర్ అడుగు వంగే ఉంది. అద్దం మీద ఎమరీ పేపర్ పనంతా నాన్నే చేశారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. షాఫ్ట్ బుష్ వరంగల్‌లో ఒక లేత్ ఆయన దగ్గర వేయించాను, మొదట చేయనన్నాడు, ఫిట్టర్ గారు రాసిన స్క్రూల సంగతి చదివి వినిపిస్తే "ఇది తెలిసినోడు రాసిండు" అని ఒప్పుకున్నాడు. మొత్తం ఖర్చు నాలుగు వేలు దాటలేదు.

ఐడ్లింగ్ ఇప్పుడు నిలబడుతోంది. ట్యాంకు నింపి, 200 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ నింపి లెక్క చూస్తే లీటరుకు 11.4 వచ్చింది. నాన్న చెప్పే 13 వరకు పోలేదు, ఆ 13 నిజంగా వచ్చిందా అని నాకు మొదటి నుంచీ అనుమానమే.

ఒక్కటి మిగిలింది. ఎండలో దూరం పోయి వచ్చి, పది పదిహేను నిమిషాలు ఆపి మళ్లీ తీస్తే సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తోంది. స్టార్టయ్యాక నల్లపొగ ఒక్కసారి వచ్చి పోతుంది. పంపు మీద తడి గుడ్డ వేయమని నాన్న అంటున్నారు.

ఆటోనగర్ పాతకాపు:

నల్లపొగ వస్తోందంటే పెట్రోల్ రాకపోవడం కాదు, ఎక్కువైపోవడం. ఇంజిన్ ఆపగానే ఆ వేడంతా పైకెక్కి చాంబర్‌లో పెట్రోల్ మరిగి గొంతులోకి కారుతోంది. యాక్సిలరేటర్‌ను ఊరికే తొక్కి వదలొద్దు, తొక్కినప్పుడల్లా పిచికారీ కొట్టి ఇంకా ముంచుతుంది. కాలు పూర్తిగా నేలకు ఆనించి, అట్లాగే పట్టి ఉంచి సెల్ఫ్ కొట్టు, అందుకోగానే వదిలేయ్. కార్బురేటర్‌కు, దాని కింద ఇంజిన్‌లోకి పోయే గొట్టానికి (మానిఫోల్డ్‌కు) మధ్య వేడి ఎక్కకుండా ఒక మందపాటి నల్ల బిళ్ల ఉండాలి, నీ దాంట్లో ఉందా, లేక సర్వీస్ చేసినాయన తీసేసి ఉత్త కాగితం ప్యాకింగ్ వేశాడా చూడు. తడి గుడ్డ మాత్రం వేయనివ్వు, నష్టం లేదు, పెద్దాయన మాట కాదనడం ఎందుకు.

కాజీపేట ఫియట్:

చూశానన్నా. బిళ్ల లేదు.